హలోగారి సన్మాన పత్రం

మ్యూజియం, ఐసు గది
సోమవారం

పిన్నీ,

ఫోనులోనే చెప్పేదాన్ని. కానీ నీకు ఫోను చేస్తే నీకంటే నీ కుట్టుమిషనే ఎక్కువ మాట్లాడుతుంది. ఉత్తరమైతే మధ్యలో "ఉండవే, కొలతలకి ఎవరో వచ్చారు" అని పెట్టెయ్యలేవు కదా.

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. ఇది ఉద్యోగమో కాలక్షేపమో నాకే తెలీదు. ఇంత చదువూ చదివి, మూతబడిన ఐసు ఫ్యాక్టరీలో కూర్చుని, ఊళ్లోవాళ్లు ఇచ్చిన పాత సామాను తుడుస్తున్నాను. ఐసు దిమ్మలు పేర్చిన గదిలో ఇప్పుడు ఇస్త్రీపెట్టెలు, మంగలి కుర్చీ, బ్రెడ్డు దుకాణం తలుపు గంట. గోడలు మాత్రం ఇంకా ఐసును మర్చిపోలేదు, ఎండాకాలంలో కూడా వీపు ఆనిస్తే జివ్వుమంటాయి.

అసలు సంగతి హలోగారు. నీకు తెలిసే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరై, ఈ మ్యూజియం పెట్టిన రోజు నుంచీ జీతం లేకుండా పనిచేస్తున్నావిడ. ఎవరొచ్చినా "హలో, చెప్పండి" అంటారు. మాట మూడు నిమిషాలు దాటితే "టైమైంది" అని లేచిపోతారు, ఎదుటివాళ్లు వాక్యం మధ్యలో ఉన్నా సరే. వస్తువుల పక్కన పెట్టిన చీటీలన్నీ ఆవిడ రాసినవే. వచ్చే నెల ఆవిడకి సన్మానం. పైకి "నాకెందుకండీ ఇవన్నీ" అంటారు గానీ, నిన్న హాల్లోకి వెళ్లి కుర్చీలన్నిట్లో కూర్చుని చూసి, చేతులున్న కుర్చీ ఒకటి ఎంచుకుని పక్కన పెట్టించుకున్నారు. నేను చూశాను.

సన్మాన పత్రం రాసే పని మ్యూజియం కార్యదర్శిగారు నాకు అప్పగించారు. "కొంచెం కళ్లు చెమర్చాలమ్మా" అన్నారు. సరే, ఏం రాయాలా అని ఆవిడ చూసుకునే అద్దాల బీరువాలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చాను. లెక్కల మాస్టారి గ్లోబు దగ్గర ఆగిపోయాను. చీటీలో "ఆయన పిల్లల కంటే పాతది" అని ఉంది. లోపలున్న గ్లోబు మీద చూస్తే, నేను స్కూల్లో ఉండగా విడిపోయిన దేశాలు విడివిడిగా రంగులు వేసుకుని ఉన్నాయి. మాస్టారు నేను పుట్టకముందే రిటైరయ్యారు. గ్లోబు చేసినవాడు జ్యోతిష్కుడై ఉండాలి, లేదా ఎవరో గ్లోబు మార్చి ఉండాలి.

బీరువా తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆవిడ సంచి కొన్నిరోజులు పొద్దున పల్చగా వస్తుంది, సాయంత్రం లావుగా వెళ్తుంది. నువ్వేమంటావు?

నీ సూది


దుకాణం
గురువారం

సూదికి,

నీకు ఆ పేరు పెట్టింది నేనే అయినా, ఇలా కనబడ్డ ప్రతిదానికీ గుచ్చుతావని పెట్టలేదు. గ్లోబు కొత్తదైతే ఏమైంది, భూమి పాతదేగా. పాతది పగిలిపోయి ఉంటుంది, పాపం ఆవిడ సొంత డబ్బుతో కొత్తది తెచ్చి పెట్టి ఉంటుంది. సంచి లావంటావా, పెద్దవాళ్ల సంచిలో స్వెట్టరుంటుంది, గొడుగుంటుంది, ఎప్పుడో కొన్న బిస్కట్లుంటాయి. నా సంచి చూస్తే నన్నూ పట్టిస్తావేమో.

చక్కగా నాలుగు మంచి మాటలు రాసి ఇచ్చెయ్యి. ఎవరి పని వాళ్లు చేసుకుంటే ఊరు బాగుంటుంది.

నా సంగతా, మామూలే. స్కూలు తెరిచే ముందు కదా, ఎక్కడ చూసినా యూనిఫారాలే. కాజాలు కుట్టి కుట్టి బొటనవేలు మొద్దుబారింది. మీ బాబాయిగారు బాగున్నారు. మందుల షాపు కట్టేసి వచ్చి, చేతులు కడుక్కుని, పేపరు పట్టుకుని నా ఎదురుగా కూర్చుంటారు. ఏమీ అడగరు. అడగని మనిషితో కాపురం సుఖమేనే, కానీ ఒక్కోసారి ఆ పేపరు వెనక ఏముందోనని అనిపిస్తుంది.

బస్సు సామాను బీరువా జోలికి మాత్రం వెళ్లకు. అక్కడ దుమ్మెక్కువ, నీకు తుమ్ములు.

హలోగారి ఒంట్లో బాగుంటోందా?

పిన్ని


మ్యూజియం, మెట్ల మీద
మంగళవారం

పిన్నీ,

వెళ్లొద్దన్నావు కాబట్టి వెళ్లాను. ఆ బీరువాలో దుమ్మే లేదు. రోజూ ఎవరో తుడుస్తున్నట్టుంది. అదీ ఒక అనుమానమే అనుకో.

కోపం తెచ్చుకోకుండా చదువు. బస్సు బాబాయి పోయిన తర్వాత, నువ్వు మందుల బాబాయిని పెళ్లి చేసుకునే ముందు, ఆయన కండక్టరు సామానంతా నువ్వే తెచ్చి ఇక్కడ ఇచ్చావు. తోలు సంచి, టోపీ, టికెట్లకి చిల్లు కొట్టే పంచి, ఈల. అందరూ నిన్ను రాయి అన్నారు, అమ్మతో సహా. ఆ ఈల నాకు బాగా గుర్తు. వెనక సీట్లో ఆయన ఒళ్లో కూర్చుని ఎన్నిసార్లు ఊదానో. ఒకసారి డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే ఆయన పన్ను దిగబడి, ఊదే చోట సొట్ట పడింది. "ఇది నా సంతకం" అని చూపించేవాడు.

బీరువాలో ఉన్న ఈలకి సొట్ట లేదు. ఇత్తడి రంగు పూసిన కొత్త ఈల. క్రీడల సామాను దుకాణంలో దొరికే రకం.

ఇంకోటి కూడా చూశాను. భోజనాల వేళ హలోగారి వెనకే వెళ్లాను. అవును, వెనకే వెళ్లాను, తిడితే తిట్టు. ఆవిడ నేరుగా పోస్టాఫీసుకి వెళ్లి పార్సిలు కిటికీ దగ్గర నిలబడ్డారు. గుమాస్తా ఆవిణ్ణి చూడగానే గమ్ము డబ్బా ముందుకి తోశాడు, అంటే రోజువారీ బేరమన్నమాట. పాత సామాన్లు కొనేవాళ్లకి పంపిస్తోంది పిన్నీ. ఊరందరూ నమ్మి ఇచ్చిన వస్తువులు! బ్రెడ్డు దుకాణం గంట కూడా మారింది, మోగించి చూశాను, చెంచాతో గ్లాసు కొట్టినట్టు మోగింది.

ఇలాంటి మనిషికి నేను కళ్లు చెమర్చేలా పత్రం రాయాలా? బాబాయి ఈల అమ్మేసిన మనిషికా? నువ్వు రేపే బస్సెక్కి వస్తావనుకుంటున్నాను.

సూది


దుకాణం
శుక్రవారం

సూదీ,

పోతే పోయిందిలే. ఈలే కదా. నేను ఇచ్చేసినప్పుడే అది నాది కాకుండా పోయింది.

సభ అయ్యేవరకు ఎవరితోనూ ఏమీ అనకు. కార్యదర్శితో అసలే అనకు, ఆయన గొంతు మైకు లేకుండానే ఊరంతా వినిపిస్తుంది. నాకు పనుంది, పెద్దగా రాయలేను.

పిన్ని


మ్యూజియం, ఆఫీసు బల్ల
బుధవారం

పిన్నీ,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నా స్కూలు చొక్కాకి గుండీ ఒకటి ఊడితే వీధి చివరిదాకా వెతికించిన మనిషివి. బాబాయి ఈల పోయిందంటే "పోతే పోయిందిలే" అంటావా? నీకిది నిజంగానే పట్టలేదా, లేక నాకు తెలీనిది నీకేదైనా తెలుసా?

నువ్వు చెప్పొద్దన్న మాట నాకు అందేసరికే ఆలస్యమైంది. కార్యదర్శిగారికి చెప్పేశాను. ఆయన హలోగారిని పిలిచి, నా ఎదురుగానే అడిగారు.

"అమ్మా, మాస్టారి గ్లోబు ఎక్కడుంది?"

"ఉంది."

"అదే, ఎక్కడుందీ అని."

"ఉండాల్సిన చోట."

"అమ్మేశారా?"

"అమ్మేదాన్నైతే ఈ చెప్పులు వేసుకుంటానా?" అని కాలు ముందుకి చాపి చూపించారు. నిజమే, ఒకదానికి పిన్నీసు పెట్టి ఉంది.

"మరి ఎవరికిచ్చారో చెప్పండి. పేర్లు చెబితే ఇక్కడితో వదిలేద్దాం."

అప్పుడు ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఊరందరి మాటలూ నా చెవిలోంచి వెళ్లేవి. ఎవరు ఎవరికి ఫోను చేశారో మా ఇంట్లో మా ఆయనక్కూడా చెప్పలేదు, ఆయన అలిగి అన్నం మానేసినా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తానా? టైమైంది."

"ఈ దొంగ ఈలలూ గంటలూ ఎందుకు పెట్టారో అదైనా చెప్పండి."

"లైను ఖాళీగా ఉంచకూడదు" అన్నారు. అంతే.

ఆహ్వానాలు వెళ్లిపోయాయి కాబట్టి సభ ఆపరట. వేదిక మీదే అడుగుతారట. వస్తువులు వస్తే సన్మానం, రాకపోతే విషయం అందరికీ చెప్పి, ఆవిణ్ణి ఇక మ్యూజియంలోకి రావద్దనడం. చేతులున్న కుర్చీ మాత్రం అక్కడే ఉంటుంది. తాళాలు ఇచ్చెయ్యమన్నారు. ఆవిడ సంచి బల్ల మీద బోర్లించి, తాళాలగుత్తి ఏరి, నా చేతిలో పెట్టారు. కార్యదర్శి చేతిలో కాదు, నా చేతిలో.

ఆ బోర్లించిన సామానులో స్వెట్టరుంది, బిస్కట్లున్నాయి, నువ్వు చెప్పినట్టే. ఒక చిన్న గుడ్డసంచి కూడా ఉంది, ఈల పట్టేంత. మూతికి ఒక కాజా. కాజా చివర దారం మూడు చుట్లు తిప్పి, మధ్యలోంచి లాగి, కొరికి తెంపినట్టుంది. పదేళ్లు ఆ కాజాలున్న చొక్కాలు వేసుకుని బడికి వెళ్లాను నేను. ఊళ్లో ఇంకే దర్జీ అలా ముగించరు, నువ్వే అన్నావు.

పిన్నీ, ఈల ఎక్కడుంది?

సూది


దుకాణం
శనివారం

సూదీ,

నా మిషను సొరుగులో ఉంది. బాబిన్ల కింద.

ఈ సంగతి రాయడం ఇదే మొదటిసారి, ఎలా వస్తే అలా రాస్తాను. మీ బాబాయి సామాను ఇచ్చేసింది నేను రాయినై కాదు. కొత్తింట్లోకి పాత మనిషిని వెంటబెట్టుకు వెళ్లకూడదనుకున్నాను. కొత్తాయన మంచివాడు, ఆయనకి నేను పూర్తిగా రావాలనుకున్నాను. ఇచ్చేసిన తర్వాతి ఏడు, వానలు మొదలయ్యాయి. మీ బాబాయి వానల్లోనే పోయాడు కదా. ఏదో పని కల్పించుకుని మీ ఊరొచ్చి, ఐసు గదిలో ఆ బీరువా ముందు నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఆవిడొచ్చి "హలో, చెప్పండి" అంది. నేనేమీ చెప్పలేదు. తాళం తీసి, ఈల నా చేతిలో పెట్టి, "మూడు నిమిషాలు" అని గుమ్మంవైపు తిరిగి నిలబడింది. అప్పుడు ఏడ్చానే. ఆయన పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. మూడు నిమిషాలు దాటిపోయినా ఆవిడ ఏమీ అనలేదు.

వెళ్లేటప్పుడు "అడ్రసు ఇవ్వండి, వానలకి పంపుతాను, వానలు వెలిశాక తిరిగి పంపండి" అంది. దుకాణం అడ్రసు ఇచ్చాను. ఇంటిది ఇవ్వలేదు. అప్పటి నుంచి ఏటా వస్తోంది. దాని కోసమే సంచి కుట్టాను, అందులోనే పెట్టి పంపుతుంది. ఈసారి సంచిలో నూనె మరక పడితే, ఉతికి ముందే వెనక్కి పంపాను. అదే నీకు దొరికింది.

షట్టరు దించి ఒక్కసారి ఊదుతాను. ఒక ఈల అంటే బస్సు ఆగాలి, రెండు ఈలలంటే పోనివ్వాలి, నీకు తెలుసుగా. నేనెప్పుడూ ఒకటే ఊదుతాను.

మీ బాబాయిగారికి తెలీదు. తెలిస్తే ఏమీ అనరు, అదే నా భయం. ఆయన మనసులో ఏం పెట్టుకుంటారో ఇక జన్మలో తెలీదు.

పార్సిలు కట్టి పంపేస్తాను. తాళాలు నీ దగ్గరున్నాయిగా, గుట్టుగా బీరువాలో పెట్టెయ్యి. నన్ను మాత్రం సభకి రమ్మనకు.

పిన్ని


మ్యూజియం, ఐసు గది
మంగళవారం

పిన్నీ,

కోప్పడాలో ఏడవాలో తెలీక ఆవిడ దగ్గరికే వెళ్లాను. హలోగారు ఇంట్లో సభకి కట్టుకునే బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. తప్పు చేశానండీ అన్నాను. "రాంగ్ నంబరు. ఎవరు కావాలి మీకు?" అన్నారు. ఇంకోసారి అన్నాను. ఇస్త్రీపెట్టె నిలబెట్టి నన్ను చూశారు. "తాళాలు జాగ్రత్తగా ఉంచావా?" అన్నారు. ఉంచానన్నాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "పత్రం రాశావా? బాగా రాశావా?" అని అడిగారు. పిన్నీ, ఆవిడ ఇంకా ఆశ పెట్టుకున్నారు.

నువ్వు ఈల పంపిస్తే ఒక్క ఈలే వస్తుంది. గ్లోబు, గంట ఎవరిళ్లలో ఉన్నాయో ఆవిడ చెప్పరు, నేను వెతకలేను. దొంగని పట్టేస్తే వస్తువు వెనక్కి వచ్చిందనే అంటారు కార్యదర్శి. పార్సిలు కాదు, మనిషి రావాలి. ఎవరో ఒకరు లేచి నిలబడి "నేనే తీసుకున్నాను, ఆవిడే ఇచ్చింది" అనాలి. ఒకరు లేస్తే మిగతావాళ్లు లేస్తారేమో. లేవరేమో కూడా.

నీ కాపురం పణం పెట్టమని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. సభ ఆదివారం సాయంత్రం.

సూది


దుకాణం
శనివారం

సూదీ,

ఇది నీకు సభ ముందు అందదు, తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

రావడానికి ధైర్యం చాల్లేదు. పార్సిలే పంపేద్దామని కట్టి, పోస్టుకి బయల్దేరాను. షట్టరు ఎత్తేసరికి మీ బాబాయిగారు ఎదురుగా ఉన్నారు. మందుల షాపు వేళలో ఆయన ఎప్పుడూ రారు. పార్సిలు వైపు చూశారు. ఎప్పట్లాగే ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం భరించలేక మొత్తం చెప్పేశాను, సభతో సహా. రోడ్డు మీదే, షట్టరు సగంలో పట్టుకుని.

విన్నారు. పార్సిలు నా చేతిలోంచి తీసుకున్నారు. ఇంటికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లిపోయారు. ఎక్కడికో చెప్పలేదు. రాత్రికి రానన్నారు, అంతే. ఈల విసిరేస్తారా? మీ అమ్మ దగ్గరికి వెళ్లి నా మీద చెప్తారా? ఏ బస్సు చప్పుడైనా లేచి చూస్తున్నాను.

పిన్ని


మ్యూజియం
సోమవారం

పిన్నీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఈపాటికి ఆయన ఇల్లు చేరి ఉంటారు. ఏమీ చెప్పి ఉండరు. అందుకే నేను చెప్తున్నాను.

హాలు నిండింది. సన్మానం కోసం వచ్చారో, గుసగుసలు విని వచ్చారో తెలీదు. హలోగారు చేతులున్న కుర్చీలో, రెండు చేతుల మీదా చేతులు పెట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. కార్యదర్శి మైకు ఊది, "ఒక విచారకరమైన విషయం" అని మొదలుపెట్టారు. ఈల అన్నారు, గ్లోబు అన్నారు, గంట అన్నారు. హలోగారు కదల్లేదు. నా చేతిలో పత్రం చెమటకి తడిసింది.

చివరి వరసలో ఒకాయన లేచారు. ఒళ్లో పార్సిలు. నేను నీ కోసం ముందు వరసలన్నీ వెతుకుతున్నాను, ఆయన్ని చూసుకోలేదు.

"ఆ ఈల మా దగ్గరుంది. మా ఆవిడది" అన్నారు. ఆగారు. "అంటే, మా ఆవిడ వాళ్లాయనది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన పట్టించుకోలేదు. మందు ఎలా వాడాలో చెప్పే గొంతుతోనే, "ఏటా వానలకి వస్తుంది, వానలయ్యాక వెళ్తుంది. ఈవిడ పంపుతారు. దొంగతనమంటే మా ఇంటిపేరు కూడా రాసుకోండి" అన్నారు.

తర్వాత లెక్కల మాస్టారి కూతురు లేచింది. మాస్టారికి మనుషులు గుర్తుండటం లేదట. గ్లోబు చేతికిస్తే తిప్పుకుంటూ నాలుగు ముద్దలు తింటారట. ఆ గ్లోబే కావాలట, వేరేదిస్తే తోసేస్తారట. బ్రెడ్డు దుకాణం ఆయన కూర్చునే చెయ్యెత్తాడు, "గంట మా అమ్మ మంచం పక్కన" అని. మంగలి కుర్చీ కూడా ఎక్కడికైనా వెళ్లొచ్చిందా అని నేను ఆలోచిస్తున్నాను, అంత బరువు ఎలా మోశారో.

హలోగారికి సంతోషమేస్తుందనుకున్నానా? మండిపడ్డారు. "మిమ్మల్నెవరు లేవమన్నారు? కూర్చోండి!" అని, బాబాయిగారి చేతిలో పార్సిలు చూసి, "వానలింకా వెలవలేదుగా, ఇప్పుడెందుకు తెచ్చారు? తీసుకెళ్లండి!" అన్నారు. ఆయన బుద్ధిగా "సరేనండీ" అని మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. కార్యదర్శి సంగతి నీకు తెలుసుగా, ఒక్క క్షణం నీళ్లు నమిలి, "ఇదే మన మ్యూజియం ప్రత్యేకత!" అని చప్పట్లు మొదలుపెట్టారు.

నేను రాసిన పత్రం చదవలేదు. అందులో సేవాతత్పరత, నిస్వార్థం లాంటివి చాలా ఉన్నాయి. కాగితం మడిచి, "వీళ్లంతా లేచారు కదా, అదే పత్రం" అని తాళాలగుత్తి తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ లెక్కపెట్టుకున్నారు. ఒక్కటీ పోలేదని చూసుకుని, అప్పుడు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత మైకు లాక్కుని మాట్లాడారు. మూడు నిమిషాలు దాటి చాలాసేపు మాట్లాడారు. టైమైందని చెప్పే ధైర్యం ఎవరికుంది?

బస్టాండుకి నేనే దిగబెట్టాను. టీ తాగుతూ ఆయన నాతో ఒక మాటన్నారు. నీకు చెప్పొద్దన్నారు. నేను ఎక్స్ఛేంజిలో పనిచెయ్యలేదు కాబట్టి చెప్తున్నాను. పోస్టుమనిషి నోరుజారి, నీకు ఏటా దుకాణం అడ్రసుకి పార్సిలు వస్తుందని ఆయనకి ఎప్పుడో చెప్పాడట. ఆ రోజుల్లో నువ్వు షట్టరు దించుకోవడం ఆయనే రోడ్డవతల నిలబడి చూశారట. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదట.

"ఇన్నేళ్లూ బతికున్నవాడెవడో అనుకున్నానమ్మా" అన్నారు.

టీ గ్లాసు కింద పెట్టారు. పెట్టి చాలాసేపు నవ్వారు పిన్నీ, మందుల బాబాయి. నేనెప్పుడూ ఆయన నవ్వు వినలేదు.

సూది


ఇల్లు
బుధవారం

సూదికి,

ఇల్లు అని రాయడం కొత్తగా ఉంది. ఇన్నాళ్లూ నీకు దుకాణం నుంచే రాశాను కదూ.

నువ్వు చెప్పేసినట్టు ఆయనకి నేను చెప్పలేదు. నాకూ కొన్ని దాచుకోవడం అలవాటేగా. వచ్చిన రోజు పార్సిలు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, పేపరు తీసుకున్నారు. విప్పలేదు. మొదటిసారి ఒక ప్రశ్న అడిగారు.

"అది ఊదితే ఏమవుతుంది?"

"ఒకసారి ఊదితే ఆగాలి. రెండుసార్లు ఊదితే పోవాలి."

"నువ్వు ఎన్నిసార్లు ఊదుతావు?"

"ఒకసారే."

ఆయన పేపరు మడిచారు. "రెండోది కూడా ఊదు. వింటాను" అన్నారు.

ఊదానే. తలుపులు తీసే ఉన్నాయి. పక్కింటి కుక్క మొరిగింది, ఎదురింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది. మీ బాబాయిగారు ఆవిడకేసి చెయ్యూపి, "ఏం లేదండీ, బస్సు" అన్నారు.

వానలు వెలిశాక ఈల తిరిగి పంపుతాను, కొత్త సంచిలో. హలోగారికి ఒక మాట చెప్పు. వచ్చే ఏడు దుకాణం అడ్రసుకి వద్దు, ఇంటికే పంపమను.

పిన్ని